మస్టాంగ్ - మస్టాంగ్-2 తరాల పోలిక

మస్టాంగ్ అమెరికాకు చెందిన ఫోర్డు మోటారు కంపెనీ 1964 నుండి తయారు చేస్తున్న కారు. దీని మొదటి తరం 1973 మోడలుతో ముగిసింది. దాని స్థానంలో 1974 మోడలుగా వచ్చిన రెండవ తరం కారుకు మస్టాంగ్-2 అని పేరు. వెళ్ళిపోయిన కారు పెద్దది, బరువైనది, కొన్ని రకాలలో అత్యంత శక్తివంతమైనది. వచ్చిన కారు చిన్నది, పొదుపైనది, మొదటి సంవత్సరంలో వి-8 ఇంజను అసలే లేనిది. ఈ రెండింటిలో ఏది మెరుగు, అసలు రెండవది ఆ పేరుకు తగినదేనా అన్న చర్చ కార్ల అభిమానులలో యాభై ఏళ్ళకు పైగా సాగుతూ వచ్చింది. ఒక తరం కారును తరువాతి తరంతో ఎలా పోల్చాలి, ఎలా పోల్చకూడదు అన్నదానికి దీనిని తరచుగా ఉదాహరణగా చూపుతారు.

పేర్లు, తరాలు

పెద్ద ఇంజనును మధ్యతరహా కారులో అమర్చి, సూటి రోడ్డుపై వేగంగా దూసుకుపోయేలా తయారు చేసిన అమెరికన్ కార్లను మజిల్ కార్లు అంటారు. మజిల్ అంటే కండరం. మస్టాంగ్ నిజానికి ఈ వర్గంలో పుట్టలేదు. పొడవైన బానెట్, పొట్టి వెనుక భాగం, నలుగురు కూర్చునే వీలు, తక్కువ ధర గల ఈ కారు కొత్త వర్గాన్నే సృష్టించింది. మస్టాంగ్ అనేది అమెరికా పచ్చిక మైదానాలలో తిరిగే అడవి గుర్రం పేరు కావడంతో ఆ వర్గానికి పోనీ కార్లు అన్న పేరు స్థిరపడింది. పెద్ద వి-8 ఇంజన్లు అమర్చిన మస్టాంగ్ రకాలను మాత్రం అభిమానులు మజిల్ కార్లుగానే లెక్కిస్తారు. చర్చలో సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. మస్టాంగ్‌ను పోనీ కారుగా చూసేవారికి, మజిల్ కారుగా చూసేవారికి రెండవ తరం వేరువేరుగా కనిపిస్తుంది.

అమెరికాలో ఒక సంవత్సరపు మోడలు దానికి ముందు సంవత్సరం శరదృతువులోనే అమ్మకానికి వస్తుంది. 1974 మోడలు మస్టాంగ్-2 కూడా 1973 సెప్టెంబరులో విడుదలైంది. ఈ వ్యాసంలో సంవత్సరంతో చెప్పిన కార్లన్నీ ఆ మోడలు సంవత్సరానికి చెందినవి.

మొదటి తరం పెరిగిన తీరు

మొదటి మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ప్రజల ముందుకు వచ్చింది. రెండేళ్ళు నిండకుండానే పది లక్షల కార్లు తయారయ్యాయి. 1966 మోడలు ఒక్కటే ఆరు లక్షలకు పైగా అమ్ముడైంది. ఈ విజయం చూసి జనరల్ మోటార్స్ వారి షెవర్లే కమేరో, పాంటియాక్ ఫైర్‌బర్డ్ 1967లో పోటీకి దిగాయి. పోటీ ఇంజన్ల పరిమాణం మీదికి మళ్ళింది. పెద్ద ఇంజను పట్టాలంటే కారు ముందు భాగం వెడల్పు కావాలి, వెడల్పైతే బరువు పెరగాలి, బరువు పెరిగితే మరింత పెద్ద ఇంజను కావాలి. 1967లోను, 1969లోను, 1971లోను మస్టాంగ్ ఇలాగే పెరుగుతూ పోయింది.

1971 మోడలుకు రూపకల్పన జరిగిన కాలంలో ఫోర్డు అధ్యక్షుడు సీమన్ కనూడ్సెన్. ఆయన 1968లో జనరల్ మోటార్స్ నుండి వచ్చాడు, 1969 సెప్టెంబరులో రెండవ హెన్రీ ఫోర్డ్ చేత తొలగించబడ్డాడు. పోటీ పందాల మీద, పెద్ద ఇంజన్ల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. 429 ఘనపుటంగుళాల, అంటే సుమారు 7 లీటర్ల, భారీ ఇంజను సులువుగా ఇమిడేలా 1971 మస్టాంగ్ వెడల్పైంది. విచిత్రమేమిటంటే ఆ ఏడాది తరువాత ఆ ఇంజను మస్టాంగ్‌లో లభించలేదు. ఇంజను పోయింది, దాని కోసం పెంచిన శరీరం మాత్రం మరో రెండేళ్ళు మిగిలింది.

అప్పటికే కొనుగోలుదారుల అసంతృప్తి బయటపడింది. 1960ల చివరలో కంపెనీ వాటాదారుల సమావేశంలోనే ఒకరు లేచి, చక్కని చిన్న కారును ఎందుకు ఇంత పెద్దది చేస్తున్నారని అడిగారు. బీమా కంపెనీలు శక్తివంతమైన కార్లకు అదనపు రుసుము వసూలు చేయసాగాయి. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగ మీద కఠినమైన పరిమితులు తెచ్చింది. 1971లో 1,49,678, 1972లో 1,25,093, 1973లో 1,34,867 మస్టాంగులు తయారయ్యాయి. మూడేళ్ళూ కలిపినా 1966 ఒక్క ఏడాది సంఖ్యకు చాలా దూరం.

చిన్న కారు నిర్ణయం

మొదటి మస్టాంగ్ వెనుక ప్రధాన వ్యక్తిగా పేరు పొందిన లీ అయకోకా 1970 డిసెంబరులో ఫోర్డు అధ్యక్షుడయ్యాడు. కారు తన అసలు స్వభావాన్ని పోగొట్టుకున్నదని ఆయన అభిప్రాయం. అప్పటికి జపాను నుండి టొయోటా సెలికా అమెరికాలో అడుగుపెడుతోంది. ఐరోపాలో ఫోర్డు తయారు చేసిన క్యాప్రి 1970 నుండి అమెరికాలో మెర్క్యురీ డీలర్ల వద్ద అమ్ముడవుతోంది. చిన్నగా, చురుకుగా ఉండే ఇటువంటి కార్లకు సమాధానంగా, లోపలి హంగులలో మాత్రం వాటిని మించేలా కొత్త మస్టాంగ్ ఉండాలని అయకోకా నిర్దేశించాడు. 1970లో ఫోర్డు చేతికి వచ్చిన ఇటలీ కార్ల రూపకల్పన సంస్థ ఘియా పేరును కొత్త కారులోని విలాసవంతమైన రకానికి పెట్టారు.

ఈ నిర్ణయం చమురు సంక్షోభానికి భయపడి తీసుకున్నదని పలువురు రాస్తుంటారు. అది సరికాదు. అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించినది 1973 అక్టోబరులో. మస్టాంగ్-2 అప్పటికే దుకాణాలలో ఉంది. కారు రూపకల్పనకు మూడు నాలుగేళ్ళు పడుతుంది కనుక సంక్షోభాన్ని చూసి దీనిని తయారు చేసే అవకాశమే లేదు. ఆంక్షలు దీనికి కారణం కావు, దీని అదృష్టం.

కొలతలు, బరువు

తొలి 1965 మస్టాంగ్ పొడవు 461 సెం.మీ. 1971 నాటికి ఇది 481 సెం.మీ. అయింది. గుద్దుకున్నపుడు తట్టుకునే కొత్త బంపరు నియమాల వల్ల 1973 మోడలు ఏకంగా 492 సెం.మీ.కు చేరింది. మస్టాంగ్-2 పొడవు 444 సెం.మీ. మాత్రమే. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 277 సెం.మీ. నుండి 244 సెం.మీ.కు, వెడల్పు 188 సెం.మీ. నుండి 178 సెం.మీ.కు తగ్గింది. అమెరికన్లు బుల్లి కారుగా చూసిన ఈ మస్టాంగ్-2, ఆ రోజుల్లో భారతదేశపు రోడ్లమీద పెద్ద కారుగా తిరిగిన అంబాసిడర్ కంటే కొంచెం పొడవే.

1973తో పోల్చితే మస్టాంగ్-2 అరమీటరు దాకా పొట్టిది. 1965తో పోల్చితే మాత్రం ఆ తేడా జానెడు కంటే తక్కువ. రెండవ తరాన్ని సమర్థించేవారు తప్పక 1965 కారును తెచ్చి పక్కన నిలబెట్టడానికి కారణం ఇదే. అయితే బరువు విషయంలో వారి వాదన అంత బలంగా నిలవదు. అన్నిటికంటే చౌక రకాలను తీసుకుంటే 1965 కారు సుమారు 1,120 కిలోలు, 1973 కారు సుమారు 1,360 కిలోలు, మస్టాంగ్-2 సుమారు 1,190 కిలోలు తూగేవి. అంటే తొలి కారు కంటే పొట్టిదైనా దానికంటే బరువైనది. భద్రతా నియమాలకు కావలసిన పరికరాలు, భారీ బంపర్లు, చప్పుడు రాకుండా వేసిన పొరలు ఇందుకు కారణం.

అశ్వశక్తి లెక్కలలో చిక్కు

రెండు తరాల పోలికలో అతి తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది. 1971 మస్టాంగ్ 375 అశ్వశక్తి ఇచ్చేదని, 1974 మస్టాంగ్-2 105 మాత్రమే ఇచ్చిందని. రెండు సంఖ్యలూ నిజమే, పోలిక మాత్రం నిజం కాదు. ఎందుకంటే ఆ రెండూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు.

1971 వరకు అమెరికా కంపెనీలు ఎక్కువగా స్థూల అశ్వశక్తిని ప్రకటించేవి. ఇంజనును కారులో నుండి తీసి, బల్లపై బిగించి, గాలి వడపోత, సైలెన్సరు, ఆల్టర్నేటరు వంటి భారాలేవీ లేకుండా కొలిచిన శక్తి అది. 1972 నుండి నికర అశ్వశక్తిని ప్రకటించసాగాయి. ఇది కారులో ఉండే పరికరాలన్నిటినీ ఇంజనుకు తగిలించి కొలిచినది. సహజంగానే తక్కువ వస్తుంది. దీనికి తోడు సీసం తక్కువ గల పెట్రోలుతో నడవడానికి, పొగ నియమాలకు లోబడడానికి ఇంజన్లలో సంపీడన నిష్పత్తిని కూడా ఆ సంవత్సరాలలోనే తగ్గించారు. కొలత మారడం వల్ల తగ్గినదెంత, ఇంజను నిజంగా బలహీనపడడం వల్ల తగ్గినదెంత అన్నది విడదీయడం కష్టం.

302 ఘనపుటంగుళాల, అంటే సుమారు 5 లీటర్ల, సాధారణ వి-8 ఇంజను ఇందుకు చక్కని ఉదాహరణ. 1971 మస్టాంగ్‌లో దాని శక్తి 210గా ప్రకటించారు. 1972లో అదే కారులో, దాదాపు అదే ఇంజనుకు ప్రకటించినది సుమారు 140. తరం మారలేదు, కారు మారలేదు, కాగితం మీద మూడోవంతు శక్తి మాయమైంది. 1975లో ఇదే ఇంజను మస్టాంగ్-2లోకి వచ్చింది. 1976లో దానికి ప్రకటించిన శక్తి కూడా సుమారు 140. అందువల్ల 302 ఇంజను గల 1973 కారును, 302 ఇంజను గల 1976 కారును పక్కపక్కన పెడితే శక్తిలో చెప్పుకోదగిన తేడా లేదు, బరువులో మాత్రం రెండవదే తేలిక.

అట్టడుగు రకాలలోనూ ఇదే కథ. 1973లో చౌక మస్టాంగ్‌కు ఉన్న ఆరు సిలిండర్ల ఇంజను నికరంగా వంద అశ్వశక్తికి లోపే ఇచ్చేది. మస్టాంగ్-2లోని నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఇంజను 88 ఇచ్చింది. బరువుతో భాగించి చూస్తే రెండింటికీ పెద్దగా తేడా ఉండదు. అమ్ముడైన మస్టాంగులలో అధిక భాగం సాధారణ ఇంజన్లవే అన్న సంగతి అభిమానుల చర్చలలో మరుగున పడుతుంది. ఎవరూ తమ తండ్రిగారి ఆరు సిలిండర్ల మస్టాంగ్‌ను గోడమీద బొమ్మగా పెట్టుకోరు కదా.

నిజమైన తేడా పై అంచున ఉంది. 1971 బాస్ 351 రకం నిలుచున్న చోటి నుండి గంటకు 60 మైళ్ళ వేగాన్ని ఆరు సెకన్ల లోపు అందుకున్నట్టు ఆనాటి పత్రికలు పరీక్షించి రాశాయి. దాని స్థూల శక్తి 330. 1972లో దానికి వారసురాలైన 351 హెచ్.ఓ. ఇంజను నికరంగా 275 ఇచ్చింది. 1973లో కూడా నికరంగా 200కు పైగా ఇచ్చే 351 ఇంజను అదనపు సొమ్ముకు దొరికేది. 1974లో మస్టాంగ్-2 కొనేవారు ఎంత సొమ్ము ఇచ్చినా జర్మనీలో తయారైన 2.8 లీటర్ల వి-6 ఇంజనును, దాని 105 అశ్వశక్తిని మించి పొందలేరు. బాస్ 351తో పోల్చితే దానికి దాదాపు రెట్టింపు సమయం పట్టేది. పైగా మొదటి తరంలో వేగానికి గుర్తుగా నిలిచిన మాక్-1 అనే పేరును ఈ వి-6 కారుకు తగిలించారు. రెండవ తరం మీద విమర్శలలో అన్నిటికంటే న్యాయమైనది ఇదే. మెల్లగా వెళ్ళే కారును తయారు చేయడంలో తప్పులేదు, దానికి ధ్వని వేగాన్ని సూచించే పేరు పెట్టడం పాత కొనుగోలుదారులకు ఎగతాళిగా తోచింది.

పింటో ప్రసక్తి

మస్టాంగ్-2 ఒక వేషం మార్చిన పింటో అన్నది మరో ప్రసిద్ధ విమర్శ. పింటో 1971 మోడలుగా వచ్చిన ఫోర్డు వారి చౌక చిన్న కారు. రెండు కార్లూ ఒకే పునాది నుండి పుట్టిన మాట నిజం. కాని మస్టాంగ్-2లో చక్రాల మధ్య దూరం ఎక్కువ, వెనుక కమాను పట్టాలు పొడవైనవి. ఇంజనును, ముందు సస్పెన్షన్‌ను మోసే చట్రాన్ని రబ్బరు దిమ్మెల మీద అమర్చి అదురు లోపలికి రాకుండా చేశారు. ఈ మెరుగులలో కొన్ని 1974లో తిరిగి పింటోకే చేరాయి.

విమర్శకులు సాధారణంగా మరచిపోయే విషయం మరొకటి ఉంది. అందరూ ఆరాధించే 1965 మస్టాంగ్ కూడా ఫోర్డు వారి చౌక కారు ఫాల్కన్ పునాది మీద కట్టినదే. చౌక కారు పునాది మీద అందమైన శరీరాన్ని నిలిపి తక్కువ ధరకు అమ్మడమే మస్టాంగ్ అసలు సూత్రం. ఆ లెక్కన చూస్తే 429 ఇంజను కోసం పెంచిన 1971 కారే ఆ సూత్రం నుండి ఎక్కువ దూరం జరిగింది.

అయినా ఫాల్కన్‌కు లేని అపకీర్తి పింటోకు వచ్చిపడింది. వెనుక నుండి గుద్దుకున్నపుడు పింటో పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు లేస్తున్నాయన్న ఆరోపణలు 1977లో దేశమంతటా వ్యాపించాయి. 1978లో ఫోర్డు సుమారు 15 లక్షల పింటో, బాబ్‌క్యాట్ కార్లను మరమ్మతుకు వెనక్కు పిలిపించింది. ఆ పిలుపులో మస్టాంగ్-2 లేదు. కాని దగ్గరి బంధువు పేరు చెడిపోయాక ఇంటి పేరు చెప్పుకోవడం కష్టం. మస్టాంగ్-2 ప్రతిష్ఠ పడిపోవడంలో దాని సొంత లోపాల వాటా ఎంతో ఈ చుట్టరికం వాటా కూడా అంతే ఉన్నదని చెప్పవచ్చు.

నడిపే తీరు

సూటి రోడ్డును వదిలి మలుపుల దారికి వస్తే పోలిక తారుమారవుతుంది. మస్టాంగ్-2లో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు ఉంది. మొదటి తరంలో ఏ మస్టాంగ్‌కూ ఇది లేదు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు అన్ని రకాలకూ అదనపు సొమ్ము లేకుండానే ఇచ్చారు. క్లచ్చు, గేర్లు తేలికగా పడేవి, లోపలి చప్పుడు తక్కువ. 1971-73 ఫాస్ట్‌బ్యాక్ రకంలో పైకప్పు దాదాపు పడుకున్నట్టు ఉండి, వెనుక అద్దంలోంచి రోడ్డుకంటే ఆకాశమే ఎక్కువ కనిపించేది. ముందు బానెట్ ఎంత పొడవంటే కారు ముక్కు ఎక్కడుందో డ్రైవరు ఊహించుకోవలసిందే. మోటార్ ట్రెండ్ పత్రిక మస్టాంగ్-2ను 1974 సంవత్సరపు మేటి కారుగా ఎంపిక చేయడంలో ఆశ్చర్యం లేదు.

అయితే వెనుక సీటు రెండు కార్లలోనూ పేరుకే. మస్టాంగ్-2లో కన్వర్టిబుల్, అంటే పైకప్పు మడిచే రకం, రాలేదు. 1973లో ఆగిపోయిన కన్వర్టిబుల్ మస్టాంగ్ మళ్ళీ 1983లోనే కనిపించింది. మొదటి తరాన్ని ప్రేమించేవారికి ఇది చిన్న లోటు కాదు. వి-8 ఇంజను తరువాత బరువు ముందు చక్రాల మీద పడి, మలుపులలో ఉన్న చురుకుదనం కొంత తగ్గింది కూడా. ఆ ఇంజను కోసం కారు ముందు భాగంలో మార్పులు చేయవలసి వచ్చింది. 1975లో వి-8తో ఆటోమేటిక్ గేర్లు మాత్రమే ఇచ్చి, నాలుగు గేర్ల మాన్యువల్‌ను 1976లో గాని ఇవ్వలేదు.

అమ్మకాలు

1974 మోడలు మస్టాంగ్-2 కార్లు 3,85,993 తయారయ్యాయి. మొదటి తరం చివరి మూడేళ్ళలో తయారైన మొత్తానికి ఇది కొద్దిగానే తక్కువ. విడుదలైన మొదటి వారాలలో అమ్మకాలు అంత జోరుగా లేవు. డీలర్లకు చేరిన కార్లు హంగులతో నిండి ఖరీదుగా ఉండడం అందుకు ఒక కారణం. అక్టోబరులో చమురు ఆంక్షలు వచ్చి పెట్రోలు బంకుల ముందు బారులు తీరాక పరిస్థితి మారిపోయింది. 1974 జనవరిలో దేశమంతటా గంటకు 55 మైళ్ళ వేగ పరిమితి చట్టమైంది. గంటకు 55 మైళ్ళు దాటకూడని దేశంలో 7 లీటర్ల ఇంజను ఎవరికి కావాలి?

సంక్షోభం సడలిన తరువాత అమ్మకాలు సగానికి పడిపోయాయి. 1975లో 1,88,575, 1976లో 1,87,567, 1977లో 1,53,173, 1978లో 1,92,410 కార్లు తయారయ్యాయి. ఐదేళ్ళ మొత్తం 11 లక్షలు దాటింది. ఈ ఐదేళ్ళలో అతి తక్కువ సంఖ్య కూడా 1971-73 కాలపు అతి ఎక్కువ సంఖ్యను మించింది. అభిమానుల తీర్పు ఒకటి, కొనుగోలుదారుల తీర్పు వేరొకటి అని చెప్పడానికి ఈ అంకెలు చాలు. అయితే చమురు కరువు నాటి అమ్మకాలను మెచ్చుకోలుగా లెక్కించరాదని, వర్షంలో గొడుగు కొన్నవాడు దాని అందం చూసి కొనడని ప్రతివాదులు అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. కాని సంక్షోభం లేని 1978 లెక్కకు ఇది సమాధానం చెప్పదు.

స్టిక్కర్ల కాలం

శక్తి లేని చోట అలంకారం వచ్చి చేరింది. 1976లో వచ్చిన కోబ్రా-2 రకంలో బానెట్ మీద గాలి లోపలికి పోని ఉత్తుత్తి గాలిగూడు, వెనుక రెక్క, తెల్లని శరీరం మీద నీలి చారలు ఉండేవి. ఈ చారలు 1965-66 నాటి షెల్బీ మస్టాంగులను గుర్తు చేయడానికి వేసినవి. పాంటియాక్ జి.టి.ఓ. ప్రచారంతో పేరు పొందిన జిమ్ వాంగర్స్ సంస్థ మోటార్‌టౌన్ ఈ అలంకరణను మొదట సమకూర్చింది. ఛార్లీస్ ఏంజెల్స్ అనే టెలివిజన్ ధారావాహికలో నటి ఫరా ఫాసెట్ పాత్ర ఇటువంటి కారును నడపడంతో దానికి బాగా ప్రచారం వచ్చింది. 1978లో కింగ్ కోబ్రా వచ్చింది. బానెట్ నిండా పెద్ద నాగుపాము బొమ్మ గల ఈ రకాన్ని ఆ ఒక్క ఏడాది నాలుగు వేలకు పైగా తయారు చేశారు. లీటర్లలో 5.0 అన్న అంకెను శరీరం మీద ధరించిన మొదటి మస్టాంగ్ ఇదే.

పాత తరం అభిమానులు ఈ కార్లను చూసి నవ్వుకున్నారు. పులి తోలు కప్పుకున్న మేక అన్నది వారి భావన. కాని అదే కాలంలో పోటీ కార్ల పరిస్థితి కూడా చూడాలి. జావెలిన్, బారకూడా, ఛాలెంజర్ కార్ల తయారీ 1974లోనే ఆగిపోయింది. కమేరోలో వేగవంతమైన జెడ్-28 రకం 1974 తరువాత కనుమరుగై 1977లో తిరిగి వచ్చింది. 1970ల మధ్యలో దాదాపు అన్ని అమెరికన్ కార్లూ బలహీనమైనవే. ఫైర్‌బర్డ్ ట్రాన్స్ ఆమ్ ఒక్కటి పెద్ద ఇంజనును వదలక నిలబడింది, 1977లో వచ్చిన స్మోకీ అండ్ ది బాండిట్ చలనచిత్రంతో దాని అమ్మకాలు ఎంతో పెరిగాయి. పెద్ద కారును కొనేవారు మిగిలే ఉన్నారనడానికి మస్టాంగ్-2 వ్యతిరేకులు చూపే సాక్ష్యం ఇదే. ఇది బలమైన సాక్ష్యమే. అయితే జనరల్ మోటార్స్ కూడా 1972లో కమేరో, ఫైర్‌బర్డ్‌లను ఆపివేయాలని ఆలోచించిందన్న సంగతిని దీనితో కలిపి చదవాలి.

పేరు నిలిచిందా, చెడిందా

చర్చ మొత్తం చివరకు ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మస్టాంగ్-2 ఆ పేరును కాపాడిందా, చెడగొట్టిందా? కాపాడిందనేవారి వాదన సూటిగా ఉంటుంది. పెద్ద మస్టాంగ్‌ను మరో రెండేళ్ళు కొనసాగించి ఉంటే చమురు సంక్షోభంలో బారకూడా, ఛాలెంజర్ పోయిన దారినే అది కూడా పోయేది, 1979లో మూడవ తరమే ఉండేది కాదు. చెడగొట్టిందనేవారు పేరుకు ఒక అర్థం ఉంటుందని, అర్థం పోయాక పేరు మిగిలి లాభం లేదని అంటారు. రెండవ వాదనలో ఒక బలహీనత ఉంది. వారు తలచుకునే మస్టాంగ్ సాధారణంగా 1965 నుండి 1970 వరకు వచ్చినది. మస్టాంగ్-2 స్థానం తీసుకున్నది ఆ కారును కాదు, 1973 కారును. ఆ రోజుల్లో 1973 కారును కూడా ఇదే అభిమానులలో పలువురు లావెక్కిన మస్టాంగ్ అని విమర్శించారు. కొత్తది వచ్చాకనే అది మంచిదైంది.

1979 మూడవ తరంతో ఫోర్డు మస్టాంగ్-2 అన్న పేరును వదిలి మళ్ళీ మస్టాంగ్ అనే పిలిచింది. నాలుగు సిలిండర్ల ఇంజనును మాత్రం వదలలేదు. ఒహాయో రాష్ట్రంలోని లైమాలో తయారైన ఆ 2.3 లీటర్ల ఇంజను 1993 వరకు మస్టాంగులలో కొనసాగింది. 1984-86 కాలపు ఎస్.వి.ఓ. రకంలో టర్బోచార్జరుతో అది అభిమానుల గౌరవాన్ని కూడా పొందింది.

తరువాతి పోలికలు

ఇదే చర్చ పలుమార్లు మళ్ళీ వచ్చింది. 1980లలో మస్టాంగ్ స్థానంలో మాజ్డా సాంకేతికతతో, ముందు చక్రాలను తిప్పే కారును తేవాలని ఫోర్డు ఆలోచించినట్టు బయటపడినపుడు అభిమానులు వేల సంఖ్యలో ఉత్తరాలు రాశారు. ఆ కారు చివరకు 1989 మోడలుగా ప్రోబ్ అన్న పేరుతో వచ్చింది, మస్టాంగ్ వెనుక చక్రాల కారుగానే మిగిలింది. వారసురాలు రాకముందే పోలిక జరిగి, దాని పేరునే మార్చిన అరుదైన సందర్భం ఇది. 2019లో విద్యుత్తుతో నడిచే ఎస్.యు.వి. వాహనానికి మస్టాంగ్ మాక్-ఇ అని పేరు పెట్టినపుడు మస్టాంగ్-2 ప్రస్తావన మళ్ళీ వినిపించింది. అయితే అది పాత కారు స్థానంలో కాక దానికి తోడుగా వచ్చింది. వి-8 డాడ్జ్ ఛాలెంజర్ తయారీ 2023 డిసెంబరులో ఆగి, 2024లో విద్యుత్ ఛార్జర్ డేటోనా వచ్చినపుడు జరిగిన వాదోపవాదాలలో పోలికలు 1974 నాటికి మరింత దగ్గరగా ఉన్నాయి. తేడా ఏమిటంటే కొత్త డాడ్జ్ కాగితం మీద బలహీనమైనది కాదు. అక్కడ లోటుగా భావించినది అశ్వశక్తిని కాదు, ఇంజను చప్పుడును.

సేకర్తల విపణిలో

పాత కార్ల విపణిలో బాస్ 351, 429 కోబ్రా జెట్ వంటి 1971 రకాలకు మస్టాంగ్-2 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలుకుతుంది. రెండవ తరంలో కింగ్ కోబ్రాకు, బాగా కాపాడిన కోబ్రా-2కు మాత్రమే చెప్పుకోదగిన గిరాకీ ఉంది. చాలాకాలం ఎవరూ పట్టించుకోకపోవడంతో సాధారణ మస్టాంగ్-2 కార్లు పెద్ద సంఖ్యలో తుక్కుగా పోయాయి.

అలా తుక్కు దుకాణాలకు చేరిన కార్లకు మరో ఉపయోగం దొరికింది. 1930ల, 1940ల నాటి కార్లను తిరిగి కట్టి వేగవంతంగా మార్చే హాట్ రాడ్ అభిమానులకు దీని ముందు సస్పెన్షన్ ఎంతో నచ్చింది. చిన్నది, ఇరుకైన చట్రంలో ఇమిడేది, డిస్కు బ్రేకులతో, ర్యాక్ స్టీరింగుతో కలిసి ఉండేది కావడం దాని సుగుణాలు. అసలు భాగాలు తరిగిపోయాక పలు సంస్థలు అదే నమూనాను కొత్తగా తయారు చేసి మస్టాంగ్-2 సస్పెన్షన్ అన్న పేరుతోనే అమ్మసాగాయి. ఆ కార్లలో పలువాటికి బానెట్ కింద ఉండేది భారీ వి-8 ఇంజనే.